తోలు టోపీకి తడి తగలకూడదు

నేను బండెక్కి పదేళ్లయింది. నడపను, ఎవరి వెనకా కూర్చోను. షేర్ ఆటోలో కూడా డ్రైవరు పక్కన చోటున్నా లోపలి మూలకే నక్కుతాను. అలాంటివాడి గదిలో ఆరు హెల్మెట్లున్నాయంటే జనానికి నవ్వు రాక ఏమొస్తుంది? "పెండ్లే కానోడు ఆరు ఉయ్యాల తొట్లు కొనిపెట్టుకున్నాడంట," అని మా బావ ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్తాడు. చెప్పనీ. పిరికివాణ్ణని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అవి మామూలు హెల్మెట్లు కావు. ఎప్పుడో వెనకటి కాలంలో, ఒక దండు నుంచి ఇంకో దండుకు కాగితాలు మోసుకుపోయే మోటారు సైకిలు సిపాయిలు పెట్టుకున్న తోలు టోపీలు. నడినెత్తిన గట్టి గుండు, లోపల బెండు, చెవుల మీదికి దిగే రెండు తోలు రెక్కలు, గడ్డం కింద బిగించుకోవడానికి తోలు పట్టీ, బకిలు. ఒకటి నగరిలో మగ్గం నేసేవాళ్ల ఇంట్లో దొరికింది, అందులో దారం కండెలు పోసి పెట్టుకున్నారు. ఒకటి పులికాట్ పక్క పల్లెలో పడవ నడిపే ఆయన దగ్గర, వల గుండ్ల కింద పడి ఉంది. రెండు చిత్తూరు పాతినుప కొట్లో దొరికాయి. ఎక్కడెక్కడి నుంచో వాటిని తెచ్చి, తుడిచి, లోపల గుడ్డలు కుక్కి ఆకారం నిలబెట్టి, అరలో పెట్టుకున్నాను.

ఈ పిచ్చి ఎట్లా పట్టుకుందో చెప్పాలంటే నా తల సంగతి చెప్పాలి. అది మామిడికాయల కాలం. పుత్తూరు నుంచి తిరుపతికి బండిమీద వస్తున్నాను. వడమాలపేట దాటాక రోడ్డు పక్కన ఒక ట్రాక్టరు నిలబడి ఉంది, వెనక లైటు లేదు, ట్రాలీ నిండా తోతాపురి కాయలు. నా హెల్మెట్టు నా మోచేతికి వేలాడుతోంది. పోలీసులు కనబడితే తలకు పెట్టుకుందామని. మోచేతికి చిన్న గీత కూడా పడలేదు. తల పగిలింది.

నాకు తెలివొచ్చేసరికి పదకొండో రోజని తర్వాత చెప్పారు. కళ్లు తెరిస్తే మంచం పక్కన అక్క కూర్చుని ఉంది. అమ్మానాయన పోయాక నాకు మిగిలింది ఆమే. ఆసుపత్రి నుంచి తిన్నగా తన ఇంటికే తీసుకొచ్చి, ముందు గది నాకిచ్చింది. అప్పటినుంచీ అక్కడే ఉన్నాను. చేసేది బళ్ల విడిభాగాలమ్మే కౌంటరులో ఉద్యోగం. దొర్లిన బళ్లవాళ్లు వంకరపోయిన హ్యాండిళ్లు, పగిలిన అద్దాలు తెచ్చి నా ముందు బల్లమీద పెడుతుంటారు. అవి చూస్తూ భయం పోగొట్టుకోవడం ఎవరివల్లవుతుంది?

మళ్లీ హెల్మెట్టు పెట్టుకుని చూశాను. మచ్చ మీద గట్టిగా నొక్కి, ఊపిరాడక, తీసి అవతల పారేశాను. ఆ తర్వాత కొన్నాళ్లకు చిత్తూరులో ఒక పెద్దాయన ఇంటికి పాత బండి భాగాల బేరం మీద వెళ్లాను. ఆయన పటాలంలో కాగితాలు మోసిన మనిషి. గోడకు వేలాడుతున్న తోలు టోపీ తీసి, సరదాకి నా నెత్తిన పెట్టాడు. ఎక్కడా నొప్పి లేదు. చిన్నప్పుడు వానలో తడిసి ఇంటికొస్తే అక్క కొంగుతో తల తుడిచేది, అట్లా అనిపించింది. చెప్పుకోవడానికి బాగోదు గానీ, పరాయివాళ్ల ఇంట్లో నిలబడి ఏడ్చాను.

"ఇది నా తలకాయను ఇంటికి తెచ్చిందప్పా," అన్నాడాయన. "ఇప్పుడియ్యను. నేను పోయినాక వచ్చి తీసుకో."

మాట తప్పలేదు. ఆయన పోయిన మూణ్ణెల్లకు ఆయన భార్య కబురు చేసి పిలిచి, గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఆ ఆరింట్లో నాకు ప్రాణం అదే. చరిత్ర, సేకరణ అని పెద్ద పెద్ద మాటలు వచ్చినవాళ్ల ముందు చెప్తాను గానీ, ఉన్నమాట ఒకటే. అవి తలలను ఇంటికి చేర్చిన టోపీలు. నిద్ర పట్టనప్పుడు అర వైపు చూస్తే కొంచెం ధైర్యంగా ఉండేది.

ధైర్యం కోసం తెచ్చుకున్నవాడు నెమ్మదిగా ఉండొచ్చు కదా? ఉండలేదు. వాటి విషయంలో నేను రాక్షసుణ్ణి. ఎవరూ ముట్టుకోకూడదు, నూనె చేతులతో దగ్గరికి రాకూడదు, కిటికీ తీయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తడి తగలకూడదు. ఒకసారి నేను పనికి పోయినప్పుడు అక్క తడిగుడ్డతో వాటిని శుభ్రంగా తుడిచి పెట్టింది, నేను సంతోషపడతాననుకుని. వచ్చి చూసి కేకలేశాను.

"తోలుకు తడి తగిలితే సచ్చిపోతాదని ఎన్నిసార్లు సెప్పాల కా నీకు? తలకాయలో ఏమన్నా ఉండాదా?"

పదకొండు రోజులు నా మంచం పక్కన కూర్చున్న మనిషిని అన్న మాట అది. అక్క తడి చేతులు కొంగులో దాచుకుని లోపలికి పోయింది. నేను తప్పయిందని చెప్పలేదు. మరుసటి రోజు చెప్దామనుకున్నాను, ఆ మరుసటి రోజు రాలేదు.

పెద్దాయన టోపీకి ఒక్క లోపం ఉండేది. గడ్డం కింది పట్టీ పుచ్చిపోయింది. చిత్తూరులో ఒకప్పుడు జట్కా గుర్రాలకు జీనులు కుట్టిన ముసలి సాయిబు ఉన్నాడు, ఇప్పుడు సంచులూ బెల్టులూ కుడుతున్నాడు. ఆయనకు చూపించాను. బొటనవేలితో పట్టీని వంచగానే పొడి రాలింది.

"బేటా, ఇది ఉత్త పొట్టు. పెరికేసి కొత్త పట్టీ కుట్టాల. అతికించినావంటే సూసేదానికి బాగుంటాది. తలకు పెట్టుకునేదానికి కాదు."

నేను ఒప్పుకోలేదు. పాత వస్తువులు పోగేసేవాళ్లకు ఒక తెగులుంటుంది, కొత్త దారం ఒక్కటి పడినా వస్తువు చెడిందంటారు. కుట్టు కన్నాలు అప్పటివే ఉండాలి. ఇంటికి తెచ్చుకుని, పట్టీ తెగే చోట ట్యూబు అతికించే సొల్యూషన్ పూసి, లోపలివైపు పల్చటి తోలుముక్క అంటించి, పైన బూట్ పాలిష్ పట్టించాను. నా కంటికే అతుకు కనబడలేదు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. బావను పిలిచి, మునివేళ్లతో ఉత్తుత్తిగా గుంజి, "సూడు బావా, ఇన్నేండ్లయినా గుంజితే తెగదు," అన్నాను. అది ఒట్టి అబద్ధమని నాకూ సాయిబుకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇక అక్క మొక్కు. నేను తెలివి లేకుండా పడున్నప్పుడు, తమ్ముడు లేచి తిరిగితే తలనీలాలిస్తానని కొండకు మొక్కుకుంది. మొక్కడం ఎంతసేపు, తీర్చడానికే తీరుబడి ఉండదు. వాళ్ల అత్త మంచాన పడిందని ఒక ఏడు, బావకు పని పోయిందని ఇంకో ఏడు, అట్లా జరిగిపోయింది. అక్కకు నడుం దాటిన జుట్టు, కొప్పు పెడితే కొబ్బరికాయంత. ఆడవాళ్లు మూడు కత్తెర్లిచ్చినా చాలంటారు కదా, అదే ఇచ్చిరమ్మన్నాను.

"నీ తల మొత్తం బాగయింది గదరా, మూడు కత్తెర్లు ఎట్లిస్తాను?" అంది.

సరే, ఇవ్వు, కానీ బస్సులో పొండి అన్నాను. బండిలో కొండెక్కుతామంటే నేను ఒప్పుకోనని రోజూ పోరాను. నా పోరు పడలేకనే నాకు చెప్పకుండా పోయారని తర్వాత తెలిసింది.

ఆ రోజు నాకు సెలవు. లేచేసరికి ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. ఫ్లాస్కులో కాఫీ పోసి పెట్టి ఉంది. కాఫీ తాగుతూ అలవాటుగా అర వైపు చూశాను. ఐదు టోపీలే ఉన్నాయి. పెద్దాయన టోపీ ఉండే చోటు ఖాళీ.

దొంగలనుకున్నాను ముందు. వీధిలోకి పరుగెత్తితే ఎదురింటి ఆమె ముగ్గేస్తూ తలెత్తింది.

"మీ యక్కా బావా తెల్లారకముందే బండిలో కొండకు పోయినారు గదప్పా. నీకు తెలీదా? మీ యక్క ఆ తోలు టోపీ పెట్టుకొని కూసుంటే అచ్చం సిపాయి మాదిరి ఉండాది!"

ఆమె నవ్వుతోంది. ఇంట్లో ఉన్నది బావ హెల్మెట్టు ఒక్కటే. అలిపిరి దగ్గర వెనక కూర్చున్నవాళ్లకు కూడా హెల్మెట్టు ఉందా అని అడుగుతున్నారని ఆయన ఎక్కడో విని ఉంటాడు. కొప్పున్న తల మామూలు హెల్మెట్టులో దూరదు, తోలుదైతే కొంచెం సాగుతుంది. అన్నిటికీ మించి, బామ్మర్ది గుంజి చూపించాడు కదా, తెగదని. తప్పేముంది వాళ్లది?

గడపమీద కూర్చుని ఆలోచిస్తుంటే ఒక్కొక్కటే తేలింది. పోయేటప్పుడు కొప్పు మీద టోపీ బిగుతుగా కూర్చుని ఉంటుంది, పట్టీతో పని లేదు. కానీ దిగేటప్పుడు అక్క తలమీద జుట్టుండదు. ఆ టోపీ గుండుమీద గిరగిరా తిరిగేంత వదులుగా ఉంటుంది. అప్పుడు దాన్ని ఆపాల్సింది పట్టీ ఒక్కటే. ఆ పట్టీని పట్టుకున్నది నా సొల్యూషన్ చుక్క. టోపీ కళ్లమీదికి జారినా, గాలికి ఎగిరిపోయినా, ఆమె ఉలిక్కిపడి దానికోసం వెనక్కి వాలినా చాలు. ఘాటు రోడ్డు మలుపు సంగతి నాకెవరూ చెప్పనక్కర్లేదు. నా తల మచ్చ గుచ్చినట్టు నొప్పెట్టడం మొదలుపెట్టింది.

బావకు ఫోన్ చేశాను. స్విచాఫ్. గుళ్లోకి పోయేముందు ఫోన్లు కౌంటరులో ఇచ్చేస్తారని తెలుసు, అయినా పదిసార్లు చేశాను. ఎదురింటామె "ఏమయింది, అట్లున్నావే?" అని అడిగింది. ఏం చెప్పను? దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని ఆటో ఎక్కాను.

కొండమీదికి బస్సులో పోదామా అనుకున్నాను. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. నేను ఎక్కుతుండగా వాళ్లు దిగిపోతే? అందుకని అలిపిరి దగ్గర, దిగే బళ్లు బయటికొచ్చే చోట, నిమ్మకాయ సోడాలమ్మే ఒకామె బండి పక్కన నిలబడ్డాను. అప్పటికి ఎండ ఎక్కుతోంది. వచ్చే ప్రతి బండినీ చూస్తున్నాను. అక్కడ నాకు కొత్త భయం పుట్టింది. దిగేవాళ్లలో సగంమంది గుండ్లే. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, అందరి నెత్తినా పచ్చటి చందనం. గుండుతో అక్క ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఏ చీర కట్టుకుపోయిందో కూడా తెలియదు. నా కళ్లముందే దాటిపోయినా గుర్తుపట్టలేనేమో. ఎనిమిదేళ్లు ఆమె చేతి అన్నం తిని, ఆమె చీరలెన్నున్నాయో కూడా ఎరగను. ఆరు టోపీల బకిళ్లకు ఎన్నెన్ని పళ్లున్నాయో మాత్రం చెప్పగలను.

మధ్యాహ్నం దాటింది. శేషాచలం మీద మబ్బు దిగి కొండ కనబడకుండా పోయింది. ఇంతలో పైనుంచి అంబులెన్సు కూత పెట్టుకుంటూ దిగి, మమ్మల్ని దాటి ఊళ్లోకి పోయింది. దాని వెనక దిగిన ఒక జీపు డ్రైవరు సోడా కోసం ఆగాడు.

"మలుపులో బండి జారిందంట. మొగుడూ పెండ్లాం," అన్నాడు సోడా ఆమెతో.

నేను అక్కడే కూలబడ్డాను. వాళ్లెవరు, బండి రంగేది అని అడగలేదు. అడిగితే నిజమైపోతుందని భయం. సోడా ఆమె నా మొహాన నీళ్లు చల్లి, "నీ వాళ్లా అప్పా?" అని అడిగింది. తెలియదన్నాను. ఆసుపత్రికి పరుగెత్తాలా, ఇక్కడే ఉండాలా? లేచి రెండడుగులు ఆటో వైపు వేస్తాను, మళ్లీ వెనక్కి వస్తాను. ఏడుకొండలవాడా, ఆమెను దించు చాలు, ఆ ఆరూ తీసుకెళ్లి చెత్తలో వేస్తాను అని మొక్కాను. ఆమె నా కోసం జుట్టంతా ఇస్తే, నేను ఆమె కోసం ఇస్తానన్నవి ఆరు పాత టోపీలు.

వాన మొదలయింది. మామూలు వాన కాదు, ఎదుట మనిషి కనబడనంత వాన. సోడా ఆమె గొడుగు కింద నిలబడి చూస్తున్నాను. బళ్లు తగ్గిపోయాయి, అందరూ ఎక్కడో ఒకచోట ఆగి ఉంటారు. అట్లాంటి వానలో ఒక బండి మెల్లగా, నడిచినంత మెల్లగా దిగింది. ముందు హెల్మెట్టుతో బావ. వెనక ఒట్టి గుండుతో ఎవరో చిన్నమనిషి, ఒళ్లో ఏదో మూటను రెండు చేతులా పొదువుకుని, దానిమీదికి వంగి కూర్చుని ఉంది. చందనం కరిగి మెడమీదుగా కారుతోంది. అది అక్క అని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది.

పోయిన ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం ఏం చేసిందంటే, అరిచింది.

"టోపీ యాడ? నెత్తిన ఎందుకు పెట్టుకోలా? అంత మలుపుల్లో ఒట్టి తలతో వస్తావా?"

బావ బండి ఆపాడు. అక్క దిగింది. ఆమె మొహంలో ఉన్న భయం చూసి నేను ఆగిపోయాను. పొద్దున్నుంచి నా మొహం ఎట్లా ఉందో అద్దంలో చూసుకున్నట్టుంది.

"తిట్టొద్దురా," అంది. "పైన బకిలు తీస్తావుంటే పట్టీ నా సేతికి ఊడొచ్చేసింది. గట్టిగా గుంజినానో ఏమో. నువ్వు అంత బద్రంగా పెట్టుకున్న వస్తువు. సాయిబు దగ్గిర నేనే కుట్టించిస్తాను."

ఇంకా బెదురుగానే గబగబా మూట విప్పింది. పైన తువ్వాలు. దాని కింద లడ్డూల కవరు. కవరులో పెద్దాయన టోపీ. లడ్డూలు ఆమె కొంగు చివర ముడేసి ఉన్నాయి, నాని ముద్దయ్యాయి.

"దిగేటప్పుడు నెత్తిన పెట్టుకొని సేత్తో పట్టుకునే ఉండింది," అన్నాడు బావ. "మూడు మలుపులు తిరిగినామో లేదో వానొచ్చింది. అంతే, తీసి ఒళ్లో పెట్టేసుకునింది. నాదన్నా పెట్టుకోమంటే, నడిపేవాడివి నువ్వు పెట్టుకో అనింది. ముందర ఎవురో జారి పడినారు, అది సూసినాక కూడా వినలా."

అక్క టోపీ తిప్పి తిప్పి చూపించింది. "తడి తగలకూడదని నువ్వు సెప్తావుంటావు గదా. సూడు, ఒక్క సుక్క పడనీలా."

అప్పుడు చెప్పాను. "అది నువ్వు తెంపలేదు కా. ఎప్పుడో తెగిపోయింది. నేనే సొల్యూషనుతో అతికించి, గట్టిగా ఉండాదని అందరికీ అబద్ధం సెప్పినా."

బావ నా వైపు చూసిన చూపు నేను బతికినంత కాలం మర్చిపోలేను. రెండు తగిలించినా బాగుండేది. అక్కకు మాత్రం నా మాట ఎక్కడానికి కాసేపు పట్టింది. తర్వాత అక్కడే, వానలోనే, పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూ అంది.

"ముందే సెప్పుండగూడదా రా? సామి ముందర నిలబడి, ఎనిమిదేండ్లకు మొక్కు తీర్సినాను గదా, ఏమన్నా అడుక్కుందామంటే నాకు ఇంకేమీ తోచలేదు. మా తమ్ముడు నన్ను తిట్టకుండా సూడు సామీ అని మొక్కినా."

నేను చొక్కా విప్పి ఆమె తల తుడిచాను. ఆ తల ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. తుడుస్తున్న కొద్దీ వాన పడుతూనే ఉంది, చొక్కా అంతా చందనమయింది. టోపీ ఆమె చేతుల్లోంచి అందుకోబోతే, ఆమె దాన్ని చటుక్కున వెనక్కి లాక్కుంది.

"తడి సేత్తో ముట్టుకోవద్దురా," అంది.

మరుసటి వారం టోపీని సాయిబు దగ్గరికి తీసుకుపోయి కొత్త పట్టీ కుట్టించాను. ఆయన అడిగాడు గానీ, ఏం జరిగిందో చెప్పలేదు. చెత్తలో వేస్తానన్న మొక్కు తీర్చలేదు, ఆరూ అరలోనే ఉన్నాయి. ఇప్పుడు ఎవరైనా ముట్టుకోవచ్చు, పెట్టుకుని ఆడుకోవచ్చు, తడిగుడ్డతో తుడిచినా నేనేమీ అనను. ఈ సంగతి అక్కకు చాలాసార్లు చెప్పాను. ఆమె "సరేలేరా" అంటుంది. జుట్టు మళ్లీ భుజాల దాకా పెరిగింది. నాకు కాఫీ ఇవ్వడానికి వస్తే మాత్రం, గడప దగ్గర ఆగి, చేతులు కొంగుకు తుడుచుకుని, అప్పుడే గదిలోకి వస్తుంది.